తెర వెనుక పుస్తకం చదివాక మా పాప నవల మూసేసింది

పెన్నా గట్టు (కడప)
ఈ వేసవి సెలవుల్లో, ఐదో తరగతి పూర్తి చేసిన మా పాపతో కలిసి రెండు రకాల పుస్తకాలు చదివాను. అవి రెండూ కలిసి మా ఇంట్లో తెచ్చిపెట్టిన చిక్కు గురించి ఇక్కడ అడగాలనుకుంటున్నాను. మొదట మా అమ్మ దాచి ఉంచిన చందమామ బైండు పుస్తకాల్లోంచి దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘శిథిలాలయం’ చదివాం. శిఖిముఖి, విక్రమకేసరి ఎక్కడ ప్రమాదంలో పడితే అక్కడే ఆ నెల భాగం ఆగిపోతుంది కాబట్టి, ‘ఇంకొక్కటి, ఇంకొక్కటే’ అంటూ రాత్రి పదకొండు దాకా నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ ఊపులోనే హ్యారీ పోటర్ మొదటి నవల మొదలుపెట్టి, ఇంగ్లీషులో చదువుతూ తెలుగులో చెప్పుకుంటూ సగం దాకా వచ్చాం. పెద్ద భోజనశాలలో గాలిలో తేలే కొవ్వొత్తుల దగ్గర తను కళ్లు మూసుకుని, ఆ వాక్యాలను మూడుసార్లు చదివించుకుంది.

సరిగ్గా అప్పుడే బెంగళూరు నుంచి మా మరిది, ఆ సినిమాలు ఎలా తీశారో చెప్పే పెద్ద బొమ్మల పుస్తకం తెచ్చాడు. 2001లో వచ్చిన మొదటి సినిమా కోసం ముందు నిజమైన కొవ్వొత్తులనే సన్నని తీగలతో వేలాడదీశారట. మంట వేడికి తీగ తెగి కొవ్వొత్తి కింద పడేసరికి, ఆ పద్ధతి మానుకుని వాటిని కంప్యూటర్‌లో తయారు చేశారట. అది చదివి మా పాప, ‘అయితే అవన్నీ తీగలేనా?’ అని అడిగి నవల మూసేసింది. రెండు వారాలైనా మళ్లీ తెరవలేదు. నేను పొరపాటు చేశానా?

ఇంకొక బాధ కూడా ఉంది. ‘మాయాబజార్’ మాయలు ఎలా తీశారో తెలుసుకుని పాపకు చెబుదామని, పాత తెలుగు సినిమాల జ్ఞాపకాల పుస్తకం ఒకటి కొని చదివాను. ఎవరికి ఏ కూర ఇష్టమో, ఎవరు ఎవరి మీద అలిగారో నిండా ఉంది కానీ, ఒక్క ట్రిక్ షాట్ గురించి ఒక్క పేరా లేదు. ఒక పుస్తకం అంతా చెప్పేసి ముంచింది, ఇంకొకటి ఏమీ చెప్పక ముంచింది.

బురుజు నీడ (కర్నూలు)
ముప్పై నాలుగేళ్లు పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి కాబట్టి నిష్కర్షగా చెబుతున్నాను, పొరపాటే జరిగిందమ్మా. నవల పూర్తయ్యేదాకా ఆ రెండో పుస్తకాన్ని బీరువా మీద పెట్టి ఉండాల్సింది. విత్తనం మొలిచిందో లేదో చూడటానికి రోజూ తవ్వి చూస్తే అది మొలవదు.

వేరుశనగ (అనంతపురం)
సార్, బీరువా మీద పెట్టిన పుస్తకాన్నే పిల్లలు ముందు చదువుతారు. మా ఇంట్లో స్టూలు అందుకే అరిగిపోయింది.

ప్రొజెక్టర్ గది (ప్రొద్దుటూరు)
మేస్టారు చెప్పిన దానికి నా అనుభవం పూర్తిగా ఎదురు నిలుస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మా నాయన ప్రొద్దుటూరులో ఒక సినిమా హాలులో ఆపరేటరుగా పనిచేశారు. పాత సినిమాలు మళ్లీ విడుదలైనప్పుడు నేను ఆ గదిలోని చిన్న కిటికీలోంచే చూసేవాణ్ణి. మిషన్‌లో వెలుతురు కోసం కార్బన్ కడ్డీలు అంటించడం, ఒక మిషన్‌లో రీలు అయిపోయే సమయానికి రెండో మిషన్ అందుకోవడం, తెగిన చోట ఫిల్మును గీకి అతికించడం, అన్నీ నా కళ్లముందే జరిగేవి. తెర మీద కదిలేవన్నీ కదలని బొమ్మలేనని నాకు ఏడేళ్లకే తెలుసు. అయినా ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి పళ్లెంలోంచి లడ్లు ఎగిరి వచ్చి నోట్లో పడుతుంటే, అతికించిన ఫిల్ము చేతిలో పట్టుకునే నోరు తెరుచుకుని చూసేవాణ్ణి.

ఇంకా తర్వాత, ఒకే నటుడు ఒకే దృశ్యంలో రెండుగా కనిపించే మాస్క్ షాట్ ఎలా తీస్తారో నాయన చెప్పారు. కెమెరా కటకం ముందు సగానికి నల్ల అట్ట అడ్డుపెట్టి ఒక పక్క తీస్తారు. ఆ ఫిల్మునే కెమెరాలో వెనక్కి తిప్పి, అట్టను రెండో పక్కకు మార్చి మిగిలిన సగం తీస్తారు. రెండోసారి నటుడు గీత దాటి చెయ్యి చాపినా, ఈలోగా కెమెరా వెంట్రుక మందం కదిలినా, మొదటి సగం కూడా వృథా అవుతుంది, అంతా మళ్లీ మొదటికి వస్తుంది. కంప్యూటర్ లేని కాలంలో మార్కస్ బార్‌ట్లే లాంటి కెమెరామన్లు ఎంత పణం పెట్టి పనిచేశారో అప్పుడు అర్థమైంది. ఆ సంగతి తెలిశాక నాకు ఆ సినిమాల మీద గౌరవం పెరిగిందే తప్ప ఇష్టం తగ్గలేదు.

నల్లమల అంచు (నంద్యాల)
ప్రొజెక్టర్ అన్న చెప్పింది నిజమే అయినా, ఆయన సినిమా మనిషి ఇంట్లో పుట్టి పెరిగారు. పాప బాధ అది కాదనుకుంటాను. తను చదివినది నవల, తెర వెనుక పుస్తకం చెప్పింది సినిమా గురించి. నవలలోని కొవ్వొత్తులను ఎవరూ ఏ తీగకూ కట్టలేదు. 1997లో ఆ నవల అచ్చయినప్పుడు సినిమా ఊసే లేదు, చదివిన ప్రతి పిల్లా తన సొంత భోజనశాలను కట్టుకుంది. ఆ బొమ్మల పుస్తకం పాప కట్టుకున్న భోజనశాలను తీసేసి దాని స్థానంలో స్టూడియో సెట్టింగును పెట్టింది. నష్టం అక్కడ జరిగింది.

పెన్నా గట్టు (కడప)
నల్లమల అంచు గారు, ఈ మాట నాకు తట్టలేదు. నిన్న రాత్రి పాపను, ‘నువ్వు కళ్లు మూసుకున్నప్పుడు ఆ కొవ్వొత్తులు ఎట్లా కనిపించాయి?’ అని అడిగాను. ‘మన దేవుడి గదిలో దీపాల మాదిరి, కానీ పైన’ అంది. ‘ఇప్పుడు?’ అంటే, ‘ఇప్పుడు ఆ పుస్తకంలో ఫొటో మాదిరి’ అంది. మీరు చెప్పింది అక్షరాలా జరిగింది.

గ్రంథాలయం మెట్లు (అనంతపురం)
నేను గ్రంథాలయంలో పనిచేస్తాను, పిల్లల విభాగం నా చేతి మీదుగానే నడుస్తుంది. నల్లమల అంచు గారి వాదన బాగుంది కానీ, దాన్ని పూర్తిగా ఒప్పుకుంటే చందమామనూ తప్పుపట్టాలి. ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ చదివిన మా తరానికి ఆ లోకమంతా చిత్ర గారి బొమ్మల్లోనే కనిపించింది. బేతాళుణ్ణి భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణి తలుచుకుంటే శంకర్ గారి బొమ్మ తప్ప ఇంకొకటి నాకు మనసులో రాదు. ఆ బొమ్మలు మా ఊహను చంపలేదు, దానికి కాళ్లు ఇచ్చాయి.

ఇంకొక గమనింపు. ఆ సీరియళ్లు రాసింది ఎవరో మాకు చిన్నప్పుడు తెలియదు. రచయిత పేరు కోసం వెతకాలన్న ఆలోచన కూడా రాలేదు. పెద్దయ్యాక ఒకే మనిషి, ఆ దాసరి సుబ్రహ్మణ్యం గారే, పన్నెండు సీరియళ్లు రాశారని తెలిసి, బైండు పుస్తకాలన్నీ మళ్లీ తీసి వరుసగా చదివాను. తెర వెనుక మనిషిని తెలుసుకోవడం నన్ను కథ దగ్గరికి తిరిగి పంపింది. నా అభ్యంతరం ఒక్క విషయం మీదే: మొదట ఆకలి పుట్టాలి, తర్వాత వంటింట్లోకి రావాలి.

బురుజు నీడ (కర్నూలు)
గ్రంథాలయం మెట్లు గారు, నేను బీరువా అన్నది ఆ మాటనే.

తాడిపత్రి పిల్లోడు (తాడిపత్రి)
ఈ చర్చలో ఒక్కరూ అనలేదు కాబట్టి నేను అంటాను. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన కదిరి వెంకటరెడ్డి (కె.వి.రెడ్డి) గారు 1912లో మా తాడిపత్రిలో పుట్టారు. నటుడు బళ్లారి రాఘవ కూడా మా ఊళ్లో పుట్టినవారే. చందమామ పెట్టిన నాగిరెడ్డి గారిది కడప జిల్లా పొట్టిపాడు. వాన పడని సీమలో పుట్టినవాళ్లే తెలుగు పిల్లలకు ఇన్ని మాయలు చూపించారు. ‘పాతాళభైరవి’ వచ్చిన 1952లో మా తాత బండి కట్టుకుని పోయి చూశాడట.

గ్రంథాలయం మెట్లు (అనంతపురం)
తమ్ముడూ, ‘పాతాళభైరవి’ విడుదలైంది 1951లో. 1952 జనవరిలో బొంబాయిలో మొదలైన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో దాన్ని ప్రదర్శించారు, దక్షిణాది నుంచి వెళ్లిన సినిమా అదొక్కటే. మీ తాతగారు చూసింది మాత్రం 1952లోనే కావచ్చు, అప్పట్లో మన ఊళ్లకు ప్రింటు రావడానికి అంత సమయం పట్టేది.

తాడిపత్రి పిల్లోడు (తాడిపత్రి)
దిద్దుకున్నాను అక్కా. తాతను అడిగే వీలు ఇప్పుడు లేదు, బండి మాత్రం నిజం.

తుంగభద్ర ఇసుక (కర్నూలు)
నేను ఇంజినీరింగు విద్యార్థిని. పోయిన నెల ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సినిమాలు తీసిన విధానం మీద ఒక పుస్తకం చదివాను. పొట్టివాళ్లను, పొడుగువాళ్లను ఒకే బండి మీద పక్కపక్కన కూర్చోబెట్టినట్టు చూపించారు కదా, నిజానికి ఒక నటుడు కెమెరాకు దగ్గరగా, ఇంకొకరు బాగా వెనుకగా కూర్చున్నారు. బండిని కూడా ఆ లెక్కకు సరిపోయేట్టు కట్టారు. పొట్టివాళ్ల ఇంటిని ఒకసారి పెద్దదిగా, ఒకసారి చిన్నదిగా, రెండు కొలతల్లో నిర్మించారు. ఆ అధ్యాయం చదివిన సాయంత్రమే మేం నలుగురం కొండారెడ్డి బురుజు దగ్గరికి పోయి, ఒకడు అరచేతిలో బురుజును పట్టుకున్నట్టు ఫొటోలు తీశాం. చెయ్యి, బురుజు రెండూ ఒకే స్పష్టతతో రావడానికి గంటన్నర పట్టింది. మర్నాడు ఆ సినిమా మళ్లీ చూస్తే, బండి దృశ్యంలో వాళ్లిద్దరూ ఎదురెదురుగా చూసుకోవడం లేదని, ఖాళీలోకి చూస్తూ మాట్లాడుతున్నారని గుర్తుకొచ్చి ఆ నటుల మీద ఎంతో ప్రేమ కలిగింది. అక్కా, పాప చేత ఏదైనా చేయించి చూడండి. చదివి వదిలేసిన రహస్యం చప్పగానే ఉంటుంది.

నిమ్మలకుంట దారి (ధర్మవరం)
తుంగభద్ర ఇసుక మాటకు నేను జత కలుస్తాను. మా పక్క నిమ్మలకుంట తోలుబొమ్మలు చేసే ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నా చిన్నప్పుడు ఆట కట్టినప్పుడు, పిల్లలం కొంతసేపు తెర ముందు కూర్చుని, కొంతసేపు లేచి తెర వెనక్కి పోయేవాళ్లం. ముందు నుంచి చూస్తే హనుమంతుడు లంక మీదికి ఎగురుతాడు. వెనుక నుంచి చూస్తే చెమట కారుతున్న మనిషి ఒక చేత్తో బొమ్మ ఆడిస్తూ, నోటితో పద్యం పాడుతూ, కాలితో చెక్కను దబదబ తొక్కుతూ ఉంటాడు. ఆ చప్పుడే ముందు కూర్చున్నవాళ్లకు యుద్ధం. వెనుక చూసి వచ్చి మళ్లీ ముందు కూర్చుంటే, మేం బొమ్మను మరిచిపోలేదు, ఆ మనిషినీ మరిచిపోలేదు, రెండూ ఒకేసారి కనిపించేవి. పిల్లలకు రెండు వైపులా తిరిగే స్వేచ్ఛ ఉండటమే అక్కడి అందం. ఆ బొమ్మల పుస్తకం పాపను వెనక్కి తీసుకుపోయింది. మళ్లీ ముందుకు తీసుకొచ్చి కూర్చోబెట్టే వాళ్లు కావాలి.

నల్లమల అంచు (నంద్యాల)
ఇది నాకు నచ్చింది. అయినా ఒక తేడా ఉంది. తెర వెనక్కి మీరు మీ కాళ్లతో పోయారు. పాపను పుస్తకం లాక్కుపోయింది.

మా అక్క కొడుకు సంగతి చెబుతాను. ‘పాతాళదుర్గం’ చదివించాక వాణ్ణి బెలూం గుహలకు తీసుకుపోయాను. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహలు, లోపల పాతాళగంగ అనే చోట నీళ్లు నేలలోకి మాయమవుతాయి. వాడు పరవశించిపోతాడనుకున్నాను. దారి పొడవునా పెట్టిన రంగు లైట్లు చూసి వాడు, ‘మామా, ఈ లైట్లు కాసేపు ఆర్పమని చెప్పు’ అన్నాడు. వెలుగు ఎక్కువైనా పిల్లలకు కొన్ని కనిపించవు.

వేరుశనగ (అనంతపురం)
లైట్లు ఆర్పితే మామ కనిపించడు, అది కూడా ఆలోచించాలి.

గండికోట గాలి (జమ్మలమడుగు)
పెన్నా గట్టు గారి రెండో బాధను అందరూ దాటేశారు, నేను దాని గురించి చెబుతాను. జ్ఞాపకాల పుస్తకాలను అంత తేలిగ్గా తీసేయకండి. కూరల కథల మధ్యలోనే అసలు సంగతి దొరుకుతుంది. కె.వి.రెడ్డి గారు చిత్రీకరణకు ముందే సన్నివేశాలను చదివించి, స్టాప్‌వాచీ పెట్టుకుని నిడివి లెక్కగట్టేవారన్న విషయం నాకు అలాంటి జ్ఞాపకాల ద్వారానే తెలిసింది. ‘మాయాబజార్’ తీసిన విజయా సంస్థలో నటులకు, పనివాళ్లకు నెల జీతాలు ఉండేవన్నది కూడా అంతే. నెల జీతం ఉంది కాబట్టే అందరూ ఒకే చోట ఉండి, తీరిగ్గా రిహార్సల్స్ చేసుకోగలిగారు. ట్రిక్ షాట్ కుదరడానికి కెమెరా ఎంత అవసరమో ఆ తీరిక కూడా అంతే అవసరం.

అయితే లోటు ఉన్నమాట నేనూ ఒప్పుకుంటాను. గోఖలే, కళాధర్ గార్లు ‘మాయాబజార్’కు కళాదర్శకులు. వాళ్లు గీసిన గీతల్ని ద్వారకగా కట్టిన వడ్రంగులు, రంగులు వేసినవాళ్లు, దీపాలు మోసినవాళ్లు ఏం చేశారో పిల్లలకు అర్థమయ్యేలా బొమ్మలతో చెప్పే తెలుగు పుస్తకం నా చేతికి ఇంతవరకు రాలేదు. బయటి దేశం సినిమాలో తీగ తెగిందని కడపలో పదేళ్ల పిల్లకు తెలుస్తోంది. కడప, అనంతపురం మనుషులు చేసిన పని ఆ పిల్లకు తెలియడం లేదు. ఇది నన్ను చాలా బాధిస్తుంది.

ఇంకొక్క మాట. ‘మాయాబజార్’లో అన్నిటికన్నా పెద్ద మాయకు తీగ లేదు, అట్ట లేదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించాక, సావిత్రి గారు ఆ పిల్ల ఒంట్లో రాక్షసుడు ఉన్నట్టు నడిచారు చూడండి. తెర వెనుక ఎంత వెతికినా ఆమె భుజాలు, ఆమె చూపు తప్ప ఇంకేమీ దొరకవు. పాపకు అది చూపించండి.

ప్రొజెక్టర్ గది (ప్రొద్దుటూరు)
ఆ దృశ్యాల రీలు వచ్చినప్పుడు నాయన మిషన్ వదిలి కిటికీ దగ్గరికి వచ్చేవారు. మిగతా సినిమా అంతా ఆయన చెవులతోనే చూసేవారు.

బురుజు నీడ (కర్నూలు)
మూడు రోజులుగా ఈ చర్చ చదువుతూ, మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీ మజిలీ కథలు మళ్లీ తీశాను. ‘పాతాళభైరవి’కి మూలం వెతికినవాళ్లు అక్కడికే పోతారు కాబట్టి ఈ చర్చకు దూరం కాదు. పన్నెండు భాగాల ఆ గ్రంథం ఎలా నడుస్తుందో గుర్తు చేసుకోండి. మణిసిద్ధుడనే యతి వెంట కాశీకి బయలుదేరిన గోపకుమారుడు, ప్రతి మజిలీలో ఊళ్లోకి పోయి ఏదో ఒక వింత చూసి వస్తాడు. ‘స్వామీ, దాని వెనుక సంగతి ఏమిటి?’ అని అడుగుతాడు. యతి చెప్పే జవాబే కథ. అంటే మన కథల్లో వింత వెనుక ఏముందో చెప్పడం వింతను ముగించలేదు, అక్కడే కథ మొదలైంది. బేతాళ కథలైనా ప్రశ్న దగ్గరే మలుపు తిరుగుతాయి. కాబట్టి బీరువా విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాప ‘అవన్నీ తీగలేనా?’ అని అడిగింది కదా, ఆ ప్రశ్నకు పుస్తకం జవాబు ఒక్క వాక్యంలో ముగించింది. మణిసిద్ధుడైతే అక్కణ్ణుంచి నలభై పుటలు చెప్పి ఉండేవాడు. తీగ కట్టింది ఎవరు, మొదటి కొవ్వొత్తి ఎవరి ముందు పడింది, అప్పుడు వాళ్ల ముఖాలు ఎలా ఉన్నాయి, ఇవన్నీ పాపతో కలిసి ఊహించండి అమ్మా.

గ్రంథాలయం మెట్లు (అనంతపురం)
మేస్టారు, ఆ పన్నెండు భాగాల్లో మా దగ్గర రెండు తగ్గాయి. మీ ప్రతులు చూసుకోవడానికి ఒకసారి ఇస్తారా?

బురుజు నీడ (కర్నూలు)
తప్పకుండా ఇస్తాను. వచ్చి చదువుకోండి, బయటికి మాత్రం ఇవ్వను.

పెన్నా గట్టు (కడప)
అందరికీ జవాబు రాయడానికి వారం పట్టింది, ఎందుకంటే ఇంట్లో పని జరుగుతోంది. గండికోట గాలి గారు చెప్పినట్టు ‘మాయాబజార్’ పెట్టాను. సావిత్రి గారి దృశ్యాలు అయ్యాక పాపను, ‘ఇక్కడ తీగ ఎక్కడుంది?’ అని అడిగాను. తను చాలాసేపు ఆలోచించి, మాట చెప్పకుండా లేచి, వరండాలో ఆ నడక నడిచి చూపించింది. మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి చూసి, ‘ఇదేమి రాక్షసి నడకే!’ అన్నారు. ఆ మాట దానికి బిరుదు ఇచ్చినట్టయింది. రెండు రోజులుగా అట్లాగే నడుస్తోంది.

మేస్టారు చెప్పినట్టు కొవ్వొత్తి పడిన రోజు గురించి రాత్రిపూట కథ కట్టుకుంటున్నాం. అందులో తీగలు కట్టేది పొట్టిపాడు నుంచి పోయిన ఒక వడ్రంగి కూతురట, ఆ పిల్ల పేరు ఇంకా తేలలేదు. హ్యారీ పోటర్ నవల మాత్రం ఇంకా తెరవలేదు, నేనూ అడగడం లేదు. తుంగభద్ర ఇసుక తమ్ముడి మాట విని, వెలిగించని కొవ్వొత్తులు పదకొండు తెచ్చి, గదిలో ఒక గోడ నుంచి ఎదుటి గోడకు తాడు కట్టి దారాలతో వేలాడదీశాం. చేపలు పట్టే నైలాన్ దారం వాడాం. కంటికి బాగానే ఉంది కానీ ఫోనులో తీస్తే దారాలు మెరుస్తున్నాయి. ఏం చేయాలి?

ప్రొజెక్టర్ గది (ప్రొద్దుటూరు)
నైలాన్ దారం మీద వెలుతురు పడితే ఎలాగైనా మెరుస్తుందమ్మా. మామూలు నల్ల కుట్టుదారం వాడండి, అది వెలుతురును తిప్పి కొట్టదు. దారం కంటే వెనుక గోడ ముఖ్యం. గోడ తెల్లగా ఉంటే నల్ల దారం గీత గీసినట్టు కనిపిస్తుంది. వెలుతురు ముందు నుంచి కాకుండా ఒక పక్క నుంచి, కొవ్వొత్తుల మీద మాత్రమే పడేట్టు చూసుకోండి. ఫ్యాను ఆపి, దారాలు ఊగడం ఆగేదాకా ఓపిక పట్టి తీయండి.

పెన్నా గట్టు (కడప)
గోడ తెల్లదే. అత్తగారి నల్ల కంబళి ఉంది, దాన్ని వెనుక కడతాం. ఫ్యాను ఆపితే ఈ ఎండల్లో కష్టమే కానీ, పాప ఇప్పుడే పోయి స్విచ్ ఆపేసింది.